దడ లేని గడపరి

జూన్ 2, ఆదివారం

అక్కా,

పొద్దున లేచీ లేవగానే నమ్మలేని సంగతి. రొట్టె కొనడానికి వెళ్తూ పాచికల దుకాణం ముందు ఆగాను. అద్దం తలుపు మీద కాగితం అంటించి ఉంది. దాని మీద మూడు మాటలు. ఒకటి 'మంచు మాంత్రికుడు', రెండోది 'నీడదొంగ', మూడోది 'గడపరి'. గడపరి నాది! రొట్టె మర్చిపోయి ఇంటికి పరిగెత్తాను. అమ్మ నన్ను చూసి, "ఏంటే, కుక్క గానీ తరిమిందా?" అంది.

నువ్వు అగ్నిమాపక శిక్షణకి వెళ్ళాక ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. మీ వాళ్ళు ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, ఆదివారం నాడు ఇచ్చే కాసేపూ అమ్మ సొత్తు. "తిన్నావా, నిద్రపోతున్నావా, ఎందుకా గొంతు అలా ఉంది" అనేసరికే గంట కొడతారు. అందుకే ఈ ఉత్తరం. మొదటి నుంచీ చెప్తాను, విసుక్కోకు.

దుకాణం పెద్దాయన తనే ఒక ఆట తయారు చేస్తున్నాడు. మనం ఆయన బల్ల దగ్గర కూర్చుని ఆడేదాని లాంటిదే. ఒకళ్ళు కథ నడుపుతారు, మిగిలిన వాళ్ళు తలో వేషం వేసుకుంటారు, ఏం జరుగుతుందో పాచిక తేలుస్తుంది. ప్రతి వేషానికీ ఒక వృత్తి ఉండాలి కదా, యోధుడో వైద్యుడో దొంగో. అలాంటి కొత్త వృత్తిని ఒక దాన్ని బయటి వాళ్ళతో రాయించి తన పుస్తకంలో అచ్చు వేస్తానన్నాడు. వచ్చిన వాటిలో ఏరిన మూడే తలుపు మీదివి, ఆడించి చూసి వాటిలో ఒకటి తీసుకుంటాడు. ఆయన షరతు ఒక్కటే: "ప్రతి శక్తికీ ఒక వెల ఉండాలి. వెల లేని శక్తి పిల్లల గొప్పలు."

అందరూ చంపే వృత్తులు రాశారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. మంట దగ్గరికి వెళ్ళి మనుషుల్ని బయటికి పంపించే పని నేర్చుకుంటున్నావు కదా. అందుకని నా వేషం కత్తి తిప్పదు. గడప మీద నిలబడుతుంది. లోపలున్న వాళ్ళందరూ బయటపడేదాకా ఆ తలుపులోంచి ఏ రాక్షసీ దాటలేదు. అందరికన్నా ఆఖర్న బయటికొచ్చేది తనే. పేరు కోసం రెండు రోజులు నిఘంటువు నమిలాను. చివరికి కాపరి, కమ్మరి, కుమ్మరి వరసలో 'గడపరి' అని నేనే అల్లాను. నాలుక మీద ఎంత బావుందో పైకి అని చూడు.

వెల ఏమిటంటే, దడ. నిలబడ్డ కొద్దీ గడపరికి దడ పెరుగుతుంది. పాచిక వేసి లెక్క రాసుకుంటూ పోవాలి. హద్దు దాటితే గడప వదిలి పరిగెత్తాల్సిందే. భయం, బెదురు, గుబులు, అదురు, అన్నీ పక్కపక్కన రాసుకుని చూశాను. దడ ఒక్కటే గుండెలోంచి వినిపించింది.

పొగలోకి వెళ్తే ఎలా ఉంటుందో రాయి. కనపడుతుందా? ఏం వినపడుతుంది? నా వృత్తికి పనికొస్తుంది. ఇంకోటి, నీ గొంతు నిజంగానే బొంగురుగా ఉందని అమ్మ అంటోంది. అమ్మ మాట కొట్టిపారేద్దామంటే నాకూ అలాగే వినిపించింది.

నీ చిట్టెలుక

*

జూన్ 7, శుక్రవారం

ఒసే చిట్టెలుకా,

అద్దం తలుపు మీదకి ఎక్కేశావన్న మాట! ఇక నిన్ను పట్టుకోవడం ఎవరి తరం. నీ ఉత్తరం వచ్చేసరికి నేను బూట్లు పాలిష్ చేస్తున్నాను. ఇక్కడ నిప్పు కన్నా బూట్లంటే ఎక్కువ భయం. మా మీసాల సార్ వాటిలో తన మీసం చూసుకుంటాడు. కనపడకపోతే మైదానం చుట్టూ పరుగు.

నా గొంతుకేం కాలేదు. ఇక్కడ అందరం అరుచుకునే మాట్లాడతాం, అంతే. అమ్మకి చెప్పు.

మా గది పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. రెండు వరసల ఇనప మంచాలు, చివర ఒకటే కిటికీ. నా పక్క మంచం పొడుగుపిల్లది. దుప్పటి తలకి కప్పుకుంటే పాదాలు బయటికొస్తాయి, పాదాలకి కప్పుకుంటే తల. తనే నా జోడీ. ఇక్కడ ఒంటరిగా ఎవరూ లోపలికి వెళ్ళరు, ఇద్దరిద్దరుగానే.

పొగ గది గురించి అడిగావు. మైదానం చివర కిటికీల్లేని సిమెంటు ఇల్లు అది. లోపల గది వెనక గది. పొగ వదులుతారు. మూతికి మాస్కు, వీపున గాలి సిలిండర్. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి ముందున్న మనిషి మీద. కళ్ళు ఎందుకూ పనికిరావు. నీ ఊపిరి నీకే పెద్దగా వినపడుతుంది, పక్కన ఇంకెవరో ఉన్నట్టు. సిలిండర్‌లో గాలి అడుగంటితే దానంతటదే ఈల వేస్తుంది. ఈల వినపడితే బయటికి రావాలి. ఇంతే, ఇందులో రాయడానికేం లేదు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ దడ ఆలోచన నీకు ఎక్కడిది? అమ్మకి ఇక్కడి నుంచి ఎవరైనా ఫోన్ చేశారా? చేసి ఉంటే దాచకు.

అయినా గడపరికి దడ ఎందుకే? గడప మీద నిలబడే మనిషి దడదడలాడుతుంటే లోపలున్న వాళ్ళు ఏమైపోవాలి? అలాంటి దాన్ని నమ్మి ఎవరు ఆ తలుపులోంచి వస్తారు? కాస్త ఆలోచించు.

సరే, దీపాలు ఆర్పేస్తున్నారు.

అక్క

*

జూన్ 12, బుధవారం

అక్కా, అక్కా, నా గురువా,

నువ్వు ఆటలు ఆడటం మానేసి ఇన్నాళ్ళయినా నీ బుర్ర పదును తగ్గలేదు. "అలాంటి దాన్ని నమ్మి ఎవరు వస్తారు" అన్నావు చూడు, సరిగ్గా అదే దెబ్బ నిన్న బల్ల దగ్గర తగిలింది.

మొదటి పరీక్ష ఆట. పెద్దాయన కథ నడిపాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. రాసిన వాళ్ళు నోరు ఎత్తకూడదట. గడపరిగా ఆడింది పళ్ళ డాక్టరు. ఆవిడ రోజంతా జనం నోళ్ళలో చూసి చూసి సాయంత్రం రాక్షసులతో పోట్లాడటానికి వస్తుంది. పాపం, నిలబడ్డ కాసేపటికే దడ హద్దు దాటింది. గడప వదిలి పారిపోవలసి వచ్చింది. లోపల ఇద్దరు చచ్చారు.

"ఇదేం వృత్తి పెద్దాయనా!" అని పాచిక బల్ల మీద గిరాటేసింది. "పొద్దుట్నుంచీ నా దగ్గరికొచ్చేవాళ్ళ భయం చూస్తూనే ఉన్నాను. ఇక్కడికొచ్చి మళ్ళీ నేనే భయపడాలా?"

లోపల చచ్చిన ఇద్దరిలో ఒకాయన, "నాకు గడపరి వద్దు, గొళ్ళెం ఇవ్వండి, అదే నయం" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు కాలిపోయాయి.

పెద్దాయన తర్వాత నన్ను పక్కకి పిలిచి, "పేరు బంగారం. ఆ దడ మాత్రం తీసెయ్యమ్మా. వెలగా ఇంకేదన్నా పెట్టు" అన్నాడు. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అటు ఆయన, ఇటు నువ్వు, ఇద్దరిదీ ఒకే మాట. ఇంకా పట్టుకు వేలాడితే నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టే కదా. తీసేశాను. ఇప్పుడు గడపరి వెల ఏమిటంటే, అందరూ బయటపడేదాకా తను కదలకూడదు, అంతే. దడ అన్నదే తెలియదు.

శుభ్రంగా ఇంకో ప్రతి రాసి దీనితో పంపుతున్నాను. అడుగున చూడు: 'ఈ వృత్తి మా అక్కని చూసి రాసింది. ఆమెకి భయం అంటే ఏమిటో తెలియదు.' ఇది అచ్చులో కూడా ఉండాలని పెద్దాయనని అడుగుతాను. మేడ మీది నీళ్ళ తొట్టిలో నేను పడ్డప్పుడు నువ్వు చెప్పులతో సహా దూకలేదూ, అప్పటి నుంచీ నాకు తెలుసు.

అమ్మకి ఎవరూ ఫోన్ చేయలేదు. ఎందుకు చేస్తారు? అలా ఎందుకడిగావు? నిన్న కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న అమ్మని తిప్పి తిప్పి అడిగాను. "దానికేమైందే?" అని కత్తెర పట్టుకునే లేచి నిలబడింది. ఏమీ లేదని నచ్చచెప్పడానికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ నిద్ర లేదు.

నువ్వు బాగానే ఉన్నావు కదా? ఒక్క వాక్యం రాస్తే చాలు.

గోళ్ళు మిగలని నీ చెల్లి

*

జూన్ 18, మంగళవారం

చిట్టెలుకా,

బాగానే ఉన్నాను. ఇదిగో, ఒక్క వాక్యం.

నీ కాగితం నా కన్నా ముందు గదిలో వాళ్ళు చదివేశారు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి పొడుగుపిల్ల మంచం ఎక్కి నిలబడి ప్రవచనంలా చదువుతోంది. "ఆమెకి భయం అంటే ఏమిటో తెలియదు!" అనగానే అందరూ మంచాల మీద దరువు. సిగ్గుతో చచ్చాననుకో. కానీ ఆ సాయంత్రం నుంచీ నా పేరే మారిపోయింది. భోజనాల దగ్గర "గడపరీ, ఆ ఉప్పు ఇలా ఇవ్వు", మైదానంలో "గడపరి వస్తోంది, జరగండి". మీసాల సార్ చెవిన కూడా పడింది. "ఎవరే ఆ గడపరి?" అని అడిగాడు. నేను ముందుకొచ్చాను. నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, నువ్వా?" అన్నాడు. ఆ 'నువ్వా' అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు.

శుక్రవారం పొగ గదిలో పెద్ద పరీక్ష. నలుగురం వెళ్ళి లోపల పడి ఉన్న బొమ్మ మనుషుల్ని బయటికి తేవాలి. ఒకరు తలుపు దగ్గర ఉండి నీళ్ళ గొట్టం లాగి పట్టుకోవాలి, వచ్చేవాళ్ళకి దారి చూపాలి. ఆ చోటు నాకు కావాలని నేనే అడిగాను. రెండో గది తలుపు దగ్గర. అడగ్గానే గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

నీ కాగితం మంచం తల దగ్గర అంటించాను. పడుకునే ముందు రోజూ చదువుతున్నాను. దడ తీసేసి మంచి పని చేశావు. లేకుండా ఉండటమే నయం.

ఆదివారం ఫోన్‌లో ఎక్కువ మాట్లాడనందుకు అమ్మని ఏమీ అనుకోవద్దని చెప్పు. బూట్ల పని ఉండింది.

గడపరి (నేనే!)

*

జూన్ 21, శుక్రవారం

అక్కా,

ఇవాళ్టి ఉత్తరంలో సంతోషం రాద్దామని కూర్చున్నాను. సంతోషమే రాస్తాను, కానీ చెయ్యి ఎందుకో సాగడం లేదు.

గడపరి గెలిచింది! నిన్న రాత్రి భోజనాల వేళకి రెండో పరీక్ష ఆట ముగిసింది. పెద్దాయన లేచి, "ఇది అచ్చుకి వెళ్తుంది, బుధవారం ప్రెస్సుకి ఇస్తాను" అన్నాడు. పళ్ళ డాక్టరు నన్ను వాటేసుకుంది. మళ్ళీ ఆవిడే ఆడింది మరి. గడప మీద కొండలా నిలబడింది. దడ లేదు, బెదురు లేదు. లోపలి వాళ్ళు ఒక్కొక్కళ్ళూ బయటపడ్డారు. ఆఖరి వాడు కూడా దాటేశాడు.

ఆ తర్వాతే తమాషా. ఆఖరి వాడు దాటినట్టు ఆవిడ వేషానికి తెలియలేదు. కథలో అక్కడ చిమ్మచీకటి. బయటికొచ్చిన వాళ్ళు నిధి ఎలా పంచుకోవాలా అని పోట్లాడుకుంటున్నారు. గడపరి ఇంకా తలుపు దగ్గరే ఉందని ఒక్కళ్ళకీ గుర్తు లేదు. ఆవిడ కూడా "నేనింకా ఇక్కడే ఉన్నాను" అనలేదు. అనాలని ఎందుకు తోస్తుంది, ఆ వేషానికి ఏమీ అనిపించదు కదా, నేనే తీసేశాను కదా. ఒంటరిగా నిలబడి నిలబడి రాక్షసుల చేతిలో చచ్చిపోయింది. అందరూ లేచి చప్పట్లు. "అబ్బ, ఏం చావు!" అంది డాక్టరు, కళ్ళు మెరుస్తూ.

నేను చప్పట్లు కొట్టలేకపోయాను. ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆ తలుపే గుర్తొచ్చింది. ఎందుకో తెలియలేదు. ఇవాళ మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది. రెండో గది తలుపు దగ్గర నిలబడతానని అడిగావట. అప్పుడు తెలిసింది.

అక్కా, నేను రాసింది ఆట. బల్ల మీద చస్తే ఇంకో కాగితం తీసుకుని ఇంకో వేషం రాసుకుంటారు. నీ పరీక్ష ఇవాళేనని తెలుసు. ఈ ఉత్తరం చేరేసరికి అది అయిపోయి కూడా ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ కాగితం గోడ మీంచి తీసెయ్యి. ఈల మోగితే వచ్చెయ్యి. వచ్చేశావు కదా? ఈపాటికి వచ్చేసి బూట్లు తుడుచుకుంటున్నావు కదా?

అమ్మ కుట్టిన జాకెట్టుకి చేతులు తారుమారు చేసింది. తన పని ఎప్పుడూ తప్పు పోదు.

వెంటనే రాయి.

చెల్లి

*

జూన్ 23, ఆదివారం

చెల్లీ,

ఇవాళ ఫోన్ నేనే వద్దన్నాను. అమ్మ గొంతు వింటే ఏడ్చేస్తాను. నీకే రాస్తున్నాను, అమ్మకి చెప్పకు. కంగారు పడకు. బతికే ఉన్నాను, ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడి నర్సు ఇంకో రోజు పడుకోమంది, అంతే.

మొదటి నుంచీ చెప్పాలి. నువ్వు గడపరి గురించి రాసిన మొదటి ఉత్తరానికి ముందు రోజే నేను తొలిసారి పొగ గదిలోకి వెళ్ళాను. మొదటి గది దాటాను. రెండో గది తలుపు దగ్గర ఊపిరి అందడం మానేసింది. గాలి ఉంది, సిలిండర్ నిండా ఉంది. అయినా అందడం లేదు. మాస్కు పీకేశాను. పొగ మింగి, కక్కుకుంటూ బయటపడ్డాను. నా గొంతు బొంగురు అందుకే. గదిలో అందరూ చూశారు. మర్నాడు ఎవరో నా దిండు మీద చిన్న పిల్లల పాలసీసా పెట్టారు.

అలాంటప్పుడు నీ ఉత్తరం వచ్చింది, గడప, దడ, పారిపోవడం. ఎవరో మీకు చెప్పేశారనుకున్నాను. నీ మీద కోపం వచ్చింది. అందుకే దడ ఎందుకే అని ఎత్తిపొడిచాను. నువ్వు దాన్ని ఆట గురించి సలహా అనుకున్నావు. తర్వాత నీ కాగితం వచ్చింది. గదిలో పాలసీసా పోయి గడపరి వచ్చింది. చెల్లీ, ఆ పేరు ఎంత తియ్యగా ఉండేదో నీకు తెలియదు. లోపల మాత్రం అదే దడ. పైకి మేకపోతు గాంభీర్యం.

శుక్రవారం రెండో గది తలుపు దగ్గర నిలబడ్డాను. గొట్టం పట్టుకున్నాను. ముగ్గురూ బొమ్మల్ని లాక్కుంటూ నన్ను దాటి పోయారు. ఊపిరి మళ్ళీ అలాగే అయింది, ఈసారి మాస్కు పీకలేదు. పళ్ళు బిగించి నిలబడ్డాను. నా సిలిండర్ ఈల వేసింది. విన్నాను. వినలేదని చెప్పను. గడపరి కదలకూడదు అని ఒక్కటే మాట తలలో తిరుగుతోంది. పొడుగుపిల్ల బయటి నుంచి "వచ్చేశావా?" అని అరిచిందట. నేను బదులు చెప్పలేదు. చెబితే గొంతు వణుకుతుంది, అందరికీ తెలిసిపోతుంది. అంతే, అందుకే చెప్పలేదు.

తను తిరిగి లోపలికొచ్చి నన్ను లాక్కెళ్ళింది. నేను గొట్టం వదల్లేదట. ఆ పెనుగులాటలో తను గుమ్మానికి కొట్టుకుని మణికట్టు బెణికింది.

మీసాల సార్ మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. "మొదటిసారి నువ్వు భయపడ్డావు. నాకేం బెంగ లేదు, సగం మంది భయపడతారు," అన్నాడు. "మొన్న మాత్రం నువ్వు నన్ను హడలగొట్టావమ్మాయ్. పిలిస్తే పలకని మనిషిని నేను ఎవరితో జత చేసి పంపను?" జూలై రెండున, మంగళవారం పొద్దున, ఆఖరి అవకాశం. అది కూడా పోతే ఇంటికే.

పరీక్ష దాకా ఎందుకు, ముందే వచ్చేద్దామా అనిపిస్తోంది. కుట్టుమిషన్ పక్కన కూర్చుని బొత్తాలు కుడతాను. పెట్టె సగం సర్దాను. నీ కాగితం చించేశాను. నీ తప్పు లేదు, చించకుండా ఉండలేకపోయాను.

అక్క

*

జూన్ 26, బుధవారం

నా అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. పక్కింటి ఆవిడ దాటుకుంటూ వెళ్ళి, "ఏమ్మా, తాళం చెవి పోయిందా?" అంది. అవునన్నాను.

అమ్మకి చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు చేతకాదని నీకు తెలుసు, కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. అమ్మ నా మొహం చూసి ఒక్క మాటే అంది: "అది ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడే చెప్పనీ. నువ్వు మాత్రం అన్నం తిను." తనకి ఎంత తెలుసో నాకు తెలియదు.

మెట్ల మీంచి లేచి తిన్నగా దుకాణానికి వెళ్ళాను. పెద్దాయన ప్రెస్సుకి పంపాల్సిన కాగితాల కట్ట తాడుతో కడుతున్నాడు. మిగతావి వెళ్తే వెళ్ళనీ, గడపరి మాత్రం ఆగాలి అన్నాను.

"ఏమైందమ్మా?"

"దడ తిరిగి పెట్టాలి."

"పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. డాక్టరమ్మ నన్ను పీకుతుంది, పన్ను కాదు."

"దడ పెరిగితే పారిపోవాలన్నది తప్పు, అది తీసేస్తాను. దడ ఎంతుందో గడపరి పైకి చెప్పాలి. బల్ల దగ్గర అందరికీ వినపడేలా. చెబితే, విన్న వాళ్ళలో ఎవరైనా తన వంతు వదులుకుని వచ్చి గడప మీద నిలబడొచ్చు. గడపరి తప్పుకుని ఊపిరి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచుకుంటే ఎవరూ రాలేరు, గడపరి చేతులు బిగుసుకుపోతాయి."

పెద్దాయన తాడు వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు. "అయితే అది వీరుడి వృత్తి కాదు. పక్క వాళ్ళ మీద ఆధారపడే వృత్తి. అలాంటిది కోరి ఎవరు తీసుకుంటారు?"

"నాకు తెలియదు."

"దడ లేని గడపరి అయితే ఇవాళే అచ్చుకి. దడ ఉన్న గడపరి అయితే మళ్ళీ పరీక్షలు పెట్టాలి, ఈ పుస్తకంలో చోటుండదు. మంచు మాంత్రికుడు సిద్ధంగా ఉన్నాడు. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది? నా కాగితం కట్టలోంచి లాగి తీసుకున్నాను. తలుపు దాకా వచ్చాక ఏడుపొచ్చింది. నా పేరు అచ్చులో చూసుకోవాలని ఎంత ఆశ పడ్డానో నీకు తెలుసు కదా. ఆయన వెనక నుంచి, "శనివారం రా, డాక్టరమ్మని కూర్చోపెడదాం, ఆడి చూద్దాం" అన్నాడు. అచ్చు సంగతి మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు వచ్చేస్తే రావే, బొత్తాలు కుట్టు, నేను నీకు దారం ఎక్కిస్తాను. ఒట్టు, ఒక్క మాట అనను. కానీ నాకోసం రాకు, నాకోసం ఉండిపోకు. నీకు భయం అంటే తెలియదని రాశాను, అది నీ గురించి కాదు. నీళ్ళ తొట్టిలో మునిగిన చిన్న పిల్ల అలా అనుకుంది, అంతే. నువ్వు దూకినప్పుడు నీకెలా ఉందో ఏనాడూ అడగలేదు నేను. ఇప్పుడు అడుగుతున్నాను.

ఒక్క మాట చెప్పనా, ఆట రాసే దాని నోటి నుంచి. నీకు పొగ అంటే భయమని మీసాల సార్‌కి తెలుసు, నాకు తెలిసింది. మొదటిసారి జరిగింది గదిలో అందరూ చూశారు, కానీ ఆ దడ ఇంకా పోలేదని నీతో పాటు లోపలికి వచ్చే పొడుగుపిల్లకి తెలుసా? నువ్వు తనకి చెప్పావా? చెప్పలేదనే నా అనుమానం. వచ్చేసినా సరే, ఉన్నా సరే, తనకి మాత్రం చెప్పు.

నిద్ర పట్టడం లేదు. మంగళవారం దాకా ఇలాగే.

నీ చిట్టెలుక

*

జూలై 1, సోమవారం

చిట్టెలుకా,

నీ ఉత్తరం శనివారం చేరింది. సర్దిన పెట్టె మీద కూర్చుని చదివాను. పెట్టె ఇంకా విప్పలేదు, కానీ మూత తెరిచే ఉంది. బూట్లు మాత్రం బయటికి తీశాను.

తొట్టిలోకి దూకినప్పుడు నాకు ఎలా ఉందని అడిగావు. నువ్వు కనపడలేదే, జుట్టు ఒక్కటే కనపడింది. కాళ్ళు వణికి నిలబడలేక దూకాను, ధైర్యం వచ్చి కాదు. బయటికొచ్చాక నీ వీపు మీద రెండు దెబ్బలు కూడా వేశాను, గుర్తులేదా? నువ్వు అన్నీ వీరగాథలు చేసేస్తావు.

అచ్చు సంగతి రెండుసార్లు చదివాను. అంత ఆశపడ్డదాన్ని నాకోసం వదులుకున్నావని కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఇంటికొచ్చాక తీర్చుకుంటాను. శనివారం డాక్టరమ్మ ఎలా ఆడిందో రాయి.

నిన్న ఫోన్ తీసుకున్నాను. అమ్మకి అంతా చెప్పేశాను. అమ్మ మిషన్ ఆపేసి వింది. తర్వాత, "ఆ పిల్ల చెయ్యి ఎలా ఉంది?" అని అడిగింది. నా గురించి కాదు, పొడుగుపిల్ల గురించి! అదీ మన అమ్మ.

ఆ పిల్ల చెయ్యి నయమైంది, కట్టు తీసేశారు. రేపు నా జోడీగా తననే ఇవ్వమని మీసాల సార్‌ని అడిగాను. "తను ఒప్పుకుంటే" అన్నాడు. తను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "చూద్దాంలే" అంది. చూద్దాంలే అంటే ఏమిటో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. నువ్వన్నది నిజమే, దడ సంగతి తనకి ఇంకా చెప్పలేదు. ఇవాళ మూడుసార్లు నోరు తెరిచి ఉప్పు అడిగి ఊరుకున్నాను.

రేపు పొద్దున పరీక్షకి ముందు మైదానం గేటు దగ్గర టీ ఇస్తారు. అందరి కన్నా ముందు వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చి తనకి ఒకటి ఇస్తాను. అక్కడే చెప్తాను: "రెండో గది తలుపు దగ్గర నాకు ఊపిరి అందదు. గాలి ఉన్నా అందదు. అప్పుడు నేను 'ఆగు' అంటాను. అంటే ఆగి నా భుజం మీద చెయ్యి వెయ్యి. నువ్వు పిలిచినప్పుడు నేను పలక్కపోతే ఇంకేమీ చూడకు, బయటికి లాగెయ్యి." తను రానంటే, మీసాల సార్ ఎవరిని ఇస్తే వాళ్ళకి అదే మాట చెప్తాను. చెప్పాకే మాస్కు పెట్టుకుంటాను.

అక్క